రెండు పనులు, ఒకటే కాలు

డాన్ చాండ్లర్ ఎవరని హనుమకొండ చౌరస్తాలో నిలబడి వంద మందిని అడిగినా ఒక్కరు చెప్పరు. అమెరికాలో కూడా ఇప్పటి పిల్లలకు పెద్దగా తెలియదని మా బావ అంటాడు. ఆయన 1956 నుంచి 1967 దాకా 12 సీజన్లు అమెరికన్ ఫుట్‌బాల్‌లో పెద్ద లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో ఉన్నాడు. ఆ 12 ఏళ్లలో 9 సార్లు ఆయన జట్టు లీగ్ ఫైనల్ దాకా పోయింది, 4 సార్లు గెలిచింది. అయినా ఆయన పేరు ఎత్తినవాళ్లు ఒకే ఒక్క కిక్ గురించి మాట్లాడతారు, అది కూడా బంతి లోపలికి పోయిందా బయటికి పోయిందా అని కొట్లాడుకోవడానికి.

ఆయన ఉద్యోగం బంతిని తన్నడం. పరిగెత్తడం, క్యాచ్ పట్టడం, గుద్దుకోవడం, కింద పడటం మిగతావాళ్ల పని. మూడు గంటలు సాగే మ్యాచ్‌లో కికర్ మైదానంలో ఉండే సమయం మొత్తం కలిపినా చాయ్ తాగేంత కూడా ఉండదు. మిగతా టైమంతా గీత బయట నిలబడి, కాలు చల్లబడకుండా చూసుకుంటూ ఉండాలి. జట్టులో వాళ్లే అతన్ని సగం ఆటగాడిగా చూస్తారు. మన భాషలో చెప్పాలంటే ఆటలో అరటిపండు. కానీ ఆఖరి నిమిషంలో మ్యాచ్ ఇటా అటా అన్నప్పుడు కోచ్ అరటిపండునే పిలుస్తాడు.

నాకు ఈ మనిషి మీద ఇంత అభిమానం ఎందుకంటే నేను పీఈటీని. నర్సంపేట వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పని చేస్తాను, హనుమకొండ నుంచి రోజూ బస్సులో అప్ అండ్ డౌన్. స్టాఫ్ రూమ్‌లో పీఈటీ స్థానం ఏంటో ఏ స్కూల్లో చదివినవాళ్లకైనా తెలుసు. సంక్రాంతి సెలవులు అయిపోయాయంటే టెన్త్ వాళ్ల గేమ్స్ పీరియడ్ లెక్కల సార్‌కి పోతుంది, మిగిలితే సైన్స్ మేడమ్‌కి. నాకు దక్కేది పొద్దున ప్రేయర్ లైన్లు, జెండా పండుగకు సున్నంతో గీతలు, ఎవరైనా పెద్దమనిషి వస్తున్నాడంటే కుర్చీలు. మండల స్థాయి పోటీల్లో మా పిల్లలు ఖోఖోలో కప్పు తెస్తే మాత్రం ఫోటోలో ముందు వరుసలో అందరూ ఉంటారు, నేను ఫోటో తీస్తుంటాను. బాధేం లేదు, అలవాటైపోయింది, కానీ చాండ్లర్ కథ చదివినప్పుడు ఇతని సంగతి నాకు వేరేవాళ్లు చెప్పక్కర్లేదు అనిపించింది.

బావ ఉండేది విస్కాన్సిన్‌లో, గ్రీన్ బే దగ్గర. గ్రీన్ బే అంటే పెద్ద నగరం అనుకునేరు, జనాభా లక్ష పైచిలుకు, మన వరంగల్ ముందు ఎంత. అంత చిన్న ఊరికి సొంతంగా ప్యాకర్స్ అనే జట్టు ఉంది, దానికి ఒక సేటు గానీ కంపెనీ గానీ ఓనర్ లేదు, వాటాలు కొన్న మామూలు జనమే ఓనర్లు. బావ అక్కడికి పోయిన కొత్తలో క్రికెట్ తప్ప ఇంకోటి చూడనని భీష్మించుకున్నాడు, ఇప్పుడు ఆదివారం వస్తే ఆకుపచ్చ జెర్సీ వేసుకుని కూర్చుంటాడట, అక్క చెప్తుంది. వాళ్లకు ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్ అంటే మనకు రాత్రి పదిన్నర, నవంబర్‌లో వాళ్లు గడియారం మార్చుకున్నాక పదకొండున్నర. బతుకమ్మ రోజుల్లో వాడకట్టంతా ఎలాగూ మేలుకునే ఉంటుంది కాబట్టి నేనూ ఫోన్‌లో చూడటం మొదలుపెట్టాను. మొదట్లో ఏమీ అర్థం కాలేదు. "బావా, ఆడేది రెండు సెకన్లు, మాట్లాడుకునేది రెండు నిమిషాలు, ఇదేం ఆటనే" అంటే, "నువ్వు పీఈటీవి కదా బామ్మర్దీ, కాళ్లు చూడు, అర్థమవుతది" అన్నాడు. ఆ మాటకే నేను కికర్లను చూడటం మొదలుపెట్టాను.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మైదానం రెండు చివర్ల ఎండ్ జోన్లతో కలిపి 120 గజాల పొడవు, 53 గజాల చిల్లర వెడల్పు, మన లెక్కలో సుమారు ఎకరం పదమూడు గుంటలు. బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు, వాటిలో 10 గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు వస్తాయి, జరగకపోతే బంతి అవతలివాళ్లకు. అందుకని మూడు అయిపోయి ఇంకా దూరం మిగిలిందంటే నాలుగోది ఎక్కువసార్లు కాలికి అప్పజెప్తారు. గోల్ స్తంభాలు అందేంత దగ్గర్లో ఉంటే నేల మీద బంతి నిలబెట్టి ఆ రెండు స్తంభాల మధ్య నుంచి తన్నుతారు, అది ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. దూరంలో ఉంటే పంట్. అంటే బంతిని చేతిలోంచి వదిలి గాల్లోనే తన్ని అవతలివాళ్లకే ఇచ్చేయడం, కాకపోతే వాళ్లు ఎంత వెనక నుంచి మొదలుపెట్టాల్సి వస్తే అంత మంచిది.

ఇవి రెండూ తన్నడమే కదా అంటారు చూసేవాళ్లు. కానే కాదు. పంట్‌లో బంతి 15 గజాల ముందు నుంచి వెనక్కి విసురుగా వస్తుంది, రెండు చేతులతో అందుకుని, రెండడుగులు వేసి, బంతిని వదలాలి. అసలు విద్యంతా ఆ వదలడంలో ఉంది. ఆ బంతి గుండ్రంగా ఉండదు, రెండు కొసలు మొనదేలి ఉంటాయి, చెయ్యి ఒక్క వేలంత వంకర పోయినా బంతి వంకరగా దిగుతుంది, కాలు ఎంత బలంగా ఊపినా పక్కకు పోతుంది. సరిగ్గా దిగితే పాదం పైభాగం మీద పడి గిర్రున తిరుగుతూ లేస్తుంది, కాలు తల ఎత్తు దాటి పోతుంది, బంతి నాలుగు సెకన్లకు పైనే గాల్లో ఉంటుంది, ఆ లోపల మనవాళ్లు పరిగెత్తుకుంటూ పోయి దాని కింద కాపు కాయాలి. అందుకే పంట్‌కు దూరం ఒక్కటే సరిపోదు, ఎత్తు కూడా కావాలి.

ఫీల్డ్ గోల్‌కి శరీరం పూర్తిగా వేరేలా పని చేయాలి. బంతి వెనక్కి రావడం, ఇంకొకడు మోకాలి మీద కూర్చుని దాన్ని అందుకుని నిలబెట్టడం, కికర్ తన్నడం, అన్నీ కలిపి ఇప్పటివాళ్లకు సెకనున్నర కూడా పట్టదు. ఎదురుగా భారీ మనుషులు చేతులు పైకెత్తి మీదికి దూకుతుంటారు. చాండ్లర్ కాలంలో బంతికి సూటిగా వెనక నుంచి వచ్చి బూటు ముందు భాగంతో తన్నేవాళ్లు, దానికోసం ఆ బూటు ముక్కు చదునుగా ఉండేది. చీలమండ బిగబట్టాలి, తల దించుకునే ఉండాలి. పంట్‌లో వెనక్కి వాలితేనే ఎత్తు వస్తుంది, ఇక్కడ వాలితే పని చెడుతుంది. ఇదేదో పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా స్కూల్ ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపర్ పిల్లాడు బంతిని చేత్తో వదిలి తన్నాడంటే అవతలి గోల్ దాకా పోతుంది, వాడి కాలు బలం చూసి పెనాల్టీ ఇస్తే మాత్రం అలవాటు కొద్దీ వెనక్కి వాలి ప్రతిసారీ వేపచెట్టు మీదికి కొడతాడు. ఒక్క ఒంటికి ఈ రెండు అలవాట్లూ నేర్పి, ఏది ఎప్పుడు కావాలో అది అప్పుడు బయటికి తీయడం చాలా కష్టం. చాండ్లర్ చాలా ఏళ్లు రెండూ చేశాడు.

ఆయన పుట్టింది 1934లో అయోవా రాష్ట్రంలో, పెరిగింది ఓక్లహోమాలోని టల్సాలో. ఫ్లోరిడా యూనివర్సిటీలో ఆడేటప్పుడు పంటర్‌గా పేరొచ్చింది, 1956లో న్యూయార్క్ జెయింట్స్ తీసుకుంది. శిక్షణ శిబిరం వెర్మాంట్‌లో. అక్కడ అసిస్టెంట్ కోచ్ విన్స్ లొంబార్డి, తర్వాత రోజుల్లో ఆ ఆటలోనే అతి పెద్ద పేరు, అప్పటికి మాత్రం గొంతు పెద్దదిగా ఉన్న అసిస్టెంట్ మాత్రమే. ఆ అరుపులూ ఆ ఒత్తిడీ తట్టుకోలేక చాండ్లర్, శామ్ హఫ్ అనే ఇంకో కొత్త కుర్రాడు, ఇద్దరూ మూటాముల్లె సర్దుకుని విమానాశ్రయానికి పోయారు. లొంబార్డి వెనకే పోయి పట్టుకుని తిరిగి తీసుకొచ్చాడు. ఈ కథ చెప్పేవాళ్లను బట్టి కొంచెం కొంచెం మారుతుంది, ఆయన ఏమన్నాడన్నదానికి నాలుగు రకాల మాటలు ఉన్నాయి, కానీ పోయి తెచ్చింది మాత్రం నిజం. హఫ్ తర్వాత ఆ ఆటలో గొప్పవాళ్లకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఎక్కాడు. చాండ్లర్ సంగతి కిందికి వస్తాను.

ఈ ముక్క చదివినప్పుడు నాకు హకీంపేట స్పోర్ట్స్ స్కూల్‌కి ఎంపికయ్యే పల్లెటూరి పిల్లలు గుర్తొచ్చారు. సెలెక్షన్లో అదరగొడతారు, హాస్టల్లో వారం గడిచిందో లేదో ఇంటి మీద బెంగ, ఫోన్లో ఏడుపు, తండ్రి పోయి తీసుకొచ్చేస్తాడు. అప్పుడు ఒక మనిషి బస్టాండ్ దాకా పోయి భుజం మీద చెయ్యి వేసి ఇంకో నెల చూడురా అంటే ఆగిపోయే పిల్లలు చాలామంది ఉంటారు. అరిచే కోచ్‌లు మనకు కరువు లేరు. వెనకే పోయేవాళ్లే కరువు.

ఆ మొదటి ఏడాదే జెయింట్స్ ఛాంపియన్ అయింది, చికాగో బేర్స్‌ను 47–7తో ఊచకోత కోసింది. చాండ్లర్ అప్పుడు పంటర్ మాత్రమే, ఫీల్డ్ గోల్స్ వేరేవాళ్లు కొట్టేవారు. తర్వాత 1958 ఫైనల్. అమెరికావాళ్లు ఇప్పటికీ ఆ మ్యాచ్‌ను ఆట చరిత్రలోనే గొప్పదంటారు. బాల్టిమోర్ కోల్ట్స్ మీద జెయింట్స్ 17–14తో ముందుంది, ఆట అయిపోవడానికి రెండు నిమిషాల పైచిలుకు ఉంది, నాలుగో అవకాశం, కావాల్సింది అంగుళాలు. జానెడు జరిగితే మ్యాచ్ చేతిలో ఉన్నట్టే. కోచ్ సాహసం చేయలేదు, చాండ్లర్‌ను పిలిచాడు. చాండ్లర్ చాలా మంచి పంట్ కొట్టాడు, కోల్ట్స్ తమ సొంత 14 గజాల గీత దగ్గర నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది, ఇంకా 86 గజాలు పోవాలి. ఇంతకంటే పంటర్ చేయగలిగింది ఏమీ లేదు. అయినా కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని పాస్‌లు విసిరి ఆట నడిపేవాడు, జానీ యునైటస్ ఒక్కో పాస్ వేసుకుంటూ మైదానమంతా దాటించాడు, 7 సెకన్లు ఉందనగా ఫీల్డ్ గోల్‌తో స్కోర్ సమం చేశారు, అదనపు సమయంలో 23–17తో గెలిచారు.

నేను ఈ మ్యాచ్ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పంటర్ పని ఎంత చిత్రమైనదో చూడండి. ఆయన తన పని పూర్తిగా, తప్పు లేకుండా చేశాడు, జట్టు ఓడింది. ఆ మ్యాచ్ గురించి రాసిన ప్రతి వ్యాసంలో కోచ్ ఎందుకు సాహసం చేయలేదన్నది ఉంటుంది, అంగుళాలు నిజంగా తక్కువయ్యాయా లేక కొలత తప్పా అన్నది ఉంటుంది, యునైటస్ పాస్‌లు ఉంటాయి. ఆ పంట్ మాత్రం ఒక్క వాక్యంలో పోతుంది. బాగా కొట్టిన పంట్ ఎవరికీ గుర్తుండదు, చెడగొట్టిన పంట్‌ను జన్మలో మరిచిపోరు.

1962 నుంచి జెయింట్స్ ఫీల్డ్ గోల్స్ కూడా ఆయనకే ఇచ్చింది. 1963లో 106 పాయింట్లతో లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ స్కోరు ఆయనదే. పంటింగ్ కూడా చేస్తూనే. ఫైనల్స్‌లో మాత్రం జెయింట్స్‌కు శని పట్టింది, 1958, 1959, 1961, 1962, 1963, అన్నీ ఓటములే. 1962 ఫైనల్లో గ్రీన్ బే మీద 16–7తో ఓడారు. ఆ రోజు యాంకీ స్టేడియంలో ఘోరమైన గాలి, అంత గాలిలో గ్రీన్ బే తరఫున 3 ఫీల్డ్ గోల్స్ కొట్టింది జెర్రీ క్రేమర్, అతను నిజానికి ముందు వరుసలో గుద్దుకునే గార్డ్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. 1964కి జెయింట్స్ పూర్తిగా కూలిపోయి 14 మ్యాచ్‌ల్లో 2 మాత్రమే గెలిచింది.

అదే ఏడాది గ్రీన్ బేలో ఇంకో గోల నడిచింది. లొంబార్డి అప్పటికే అక్కడ హెడ్ కోచ్, జట్టు నిండా హేమాహేమీలు, కానీ ఫీల్డ్ గోల్స్ కొట్టే పాల్ హోర్నంగ్ ఆ సీజన్లో 38 సార్లు ప్రయత్నించి 12 మాత్రమే వేశాడు. అందగాడు, స్టార్, జనం పిచ్చిగా అభిమానించే మనిషి, కానీ 38కి 12. కికర్ విలువ ఎంతో తెలియాలంటే కికర్ లేని జట్టును చూడాలి. లొంబార్డి 1965కి చాండ్లర్‌ను తెప్పించుకున్నాడు, తొమ్మిదేళ్ల కింద విమానాశ్రయం నుంచి వెనక్కి లాక్కొచ్చిన కుర్రాడినే.

వచ్చిన ఏడాదే అక్టోబర్ 10న శాన్ ఫ్రాన్సిస్కో మీద చాండ్లర్ 90 గజాల పంట్ కొట్టాడు. దాదాపు 82 మీటర్లు. జేఎన్ఎస్ స్టేడియంలో పొద్దున వాకింగ్‌కు పోయేవాళ్లు ఆ 82 మీటర్లు ఎంతుంటాయో ఒకసారి నడిచి చూడండి. దొర్లడం కూడా కలిపే లెక్క అనుకోండి, అయినా.

ఇక ఆ కిక్. 1965 డిసెంబర్ 26, గ్రీన్ బే, లాంబో ఫీల్డ్. గ్రీన్ బే, బాల్టిమోర్ సమానంగా నిలవడంతో ఫైనల్‌కి ఎవరు పోవాలో తేల్చే మ్యాచ్ పెట్టారు. బాల్టిమోర్ పాపం ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు గాయపడి, టామ్ మాట్ అనే రన్నర్‌ను ఆ స్థానంలో నిలబెట్టింది, ఆడాల్సిన ఎత్తులన్నీ మణికట్టుకు పట్టీ మీద రాసుకుని ఆడాడు. గ్రీన్ బే పరిస్థితి కూడా అంతే, మొదటి ఎత్తులోనే వాళ్ల క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ పక్కటెముకలకు దెబ్బ తగిలి బయటికి పోయాడు. ఆఖరికి రెండు నిమిషాలు కూడా లేవనగా 10–7తో బాల్టిమోర్ ముందుంది. చాండ్లర్ వచ్చాడు. దూరం 22 గజాలు. క్రికెట్ పిచ్ పొడవంత, అంతే. గాయంతో ఉన్న స్టారే వచ్చి మోకాలి మీద కూర్చుని బంతి నిలబెట్టాడు.

చాండ్లర్ తన్నాడు, బంతి కుడి స్తంభం వైపు పోయి, దాని కంటే చాలా ఎత్తులో, స్తంభం మీదుగానో పక్కనుంచో దాటింది. చాండ్లర్ తల విదిలించాడు. తప్పిపోయిందనుకున్నవాడు చేసే పని అది, ఏ ఆటలోనైనా. కానీ స్తంభం కింద నిలబడ్డ అంపైర్ రెండు చేతులూ పైకెత్తాడు, గోల్ అని. 10–10. అదనపు సమయంలో దాదాపు 14 నిమిషాల ఆట తర్వాత మళ్లీ చాండ్లరే 25 గజాల నుంచి కొట్టి 13–10తో గెలిపించాడు, దాని మీద మాత్రం ఎవరికీ అనుమానం లేదు. బాల్టిమోర్‌వాళ్లు ఇప్పటికీ ఆ మొదటి కిక్‌ను ఒప్పుకోరు.

అప్పట్లో స్తంభాలు అడ్డకర్ర మీద 10 అడుగులే ఉండేవి. బంతి అంతకంటే ఎత్తులో పోతే కింద నిలబడ్డ మనిషి కళ్లతో ఊహించుకోవాల్సిందే. మరుసటి ఏడాదే వాటిని 20 అడుగులకు పెంచారు, దూరానికి కనిపించేలా పసుపు రంగు వేయించారు. ఇప్పుడైతే 35 అడుగులు. బావ ఈ అనుమానాన్నే ఒప్పుకోడు, "అంపైర్ ఇచ్చిండా లేదా? ఇచ్చిండు. అయిపోయె" అంటాడు, ప్యాకర్స్ అభిమాని ఇంకేమంటాడు. నేను ఆ ఫిల్మ్ ఆపి ఆపి చూశాను. నా కంటికి బయటికే పోయింది. కానీ దానికి చాండ్లర్‌ను అనడానికి ఏముంది? ఆయన తన్నాడు, నిర్ణయం వేరేవాళ్లది. తల విదిలించిన ఆ ఒక్క క్షణం కెమెరాలో పడిపోయింది కాబట్టి జీవితాంతం ఆయన్ని అదే అడిగారు. నటించడం తెలిసినవాడైతే చేతులు పైకెత్తి గంతులేసేవాడు. మన కబడ్డీలో గీత తాకకుండానే తాకానని ప్రమాణం చేసేవాళ్లను రోజూ చూసే నాకు ఆ తల విదిలించడమే బాగా నచ్చింది.

వారం తర్వాత 1966 జనవరి 2న ఫైనల్, క్లీవ్‌లాండ్ మీద 23–12, అందులో చాండ్లర్ ఫీల్డ్ గోల్స్ 3. ఆ తర్వాతి ఏడాది రెండు పోటీ లీగ్‌ల విజేతలు తలపడే మొదటి సూపర్ బౌల్, అదీ గెలిచారు. 1967కి పంటింగ్ డానీ ఆండర్సన్‌కి పోయింది, చాండ్లర్‌కు ఫీల్డ్ గోల్స్ మాత్రం మిగిలాయి. 1968 జనవరి 14న మయామీలో రెండో సూపర్ బౌల్. ఓక్లాండ్ మీద 33–14. చాండ్లర్ 39, 20, 43, 31 గజాల నుంచి నాలుగు కొట్టాడు, జట్టు బంతిని ఆఖరి గీత దాటించిన ప్రతిసారీ అదనంగా తన్నే ఎక్స్‌ట్రా పాయింట్లతో కలిపి 15 పాయింట్లు ఆయన ఒక్కడివే. అవతలి జట్టు మొత్తం కలిపి చేసింది 14. అంటే ఆ రోజు ఆయన ఒక్కడి కాలు నుంచి వచ్చిన పాయింట్లే అవతలి జట్టు మొత్తం కంటే ఒకటి ఎక్కువ. ఉత్తమ ఆటగాడి బహుమతి మాత్రం స్టార్‌కి ఇచ్చారు. నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అదే ఆయన చివరి మ్యాచ్. 33 ఏళ్లకే ఆపేశాడు. లొంబార్డి కూడా ఆ మ్యాచ్‌తోనే గ్రీన్ బే కోచ్ పదవి వదిలేశాడు. మొత్తం లెక్క చూస్తే 660 పంట్లు, సగటు 43.5 గజాలు, 94 ఫీల్డ్ గోల్స్, 530 పాయింట్లు. ఫీల్డ్ గోల్స్‌లో వందకు అరవై కూడా లోపలికి పోలేదు, ఇప్పటి కికర్లు వందకు ఎనభైకి పైనే కొడుతున్నారు. ఈ అంకె చూపించి బావ నన్ను ఏడిపిస్తాడు. కానీ అప్పటి బురద నేలలు, సూటిగా బూటు ముక్కుతో తన్నే పద్ధతి, పైగా అదే కాలితో పంట్లు కూడా, ఇవన్నీ లెక్కలోకి తీసుకోవాలి కదా. ఆయన ఆడుతున్న రోజుల్లోనే హంగేరీలో పుట్టిన పీట్ గోగొలాక్ అనే కుర్రాడు 1964లో బఫెలోకు వచ్చి, సాకర్‌వాళ్లలా పక్క నుంచి వచ్చి పాదం పైభాగంతో తన్నడం మొదలుపెట్టాడు. అందరూ నవ్వారు. తర్వాత అందరూ అదే నేర్చుకున్నారు, ఎందుకంటే బంతికి తగిలే భాగం ఎక్కువ, తుంటి తిరగడం వల్ల వేగం ఎక్కువ. చాండ్లర్ పాత పద్ధతి చివరి తరం.

ఇప్పుడైతే ఆ రెండు ఉద్యోగాలూ విడిపోయాయి. కికర్ వేరు, పంటర్ వేరు, వెనక్కి బంతి విసరడానికి ఇంకొకడు, వాడికి అదొక్కటే పని. పంటర్ చాలా జట్లలో కికర్‌కు బంతి నిలబెట్టే పని కూడా చేస్తాడు. పంటర్లలో కొందరు ఆస్ట్రేలియావాళ్లు, చిన్నప్పటి నుంచి వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతి చేత్తో వదిలి తన్నుతూ పెరుగుతారు కాబట్టి. వయసు కూడా ఈ పనికి అంత అడ్డు కాదు, ఆడమ్ వినటేరి 46 ఏళ్లు దాటాక కూడా ఆడి 2,673 పాయింట్ల దగ్గర ఆగాడు, అది రికార్డు. ఎవరూ ముందు తీసుకోకపోతే యూరప్‌లో ఆమ్‌స్టర్‌డామ్ జట్టుకు ఆడి వచ్చినవాడు అతను. డెన్మార్క్ నుంచి చదువు కోసం వచ్చిన మోర్టెన్ ఆండర్సన్ 25 సీజన్లు ఆడాడు. కుర్రాళ్లలో ఎవరైనా మంచి కాలు ఉన్నవాళ్లుంటే నేను ఇదే చెప్తాను, ఒళ్లు కొండలా ఉండక్కర్లేని స్థానం ఇది.

హాల్ ఆఫ్ ఫేమ్ సంగతి చెప్తానన్నాను. తన్నడమే ఉద్యోగంగా బతికినవాళ్లలో మొదట లోపలికి పోయింది నార్వే నుంచి స్కీయింగ్ స్కాలర్‌షిప్ మీద వచ్చిన జాన్ స్టెనెరుడ్, అదీ 1991లో. పంటర్లలో మొదటివాడు రే గై, 2014 దాకా ఆగాల్సి వచ్చింది. చాండ్లర్‌ను 1960ల దశాబ్దపు ఉత్తమ జట్టులో పంటర్‌గా పెట్టారు, గ్రీన్ బే తన సొంత హాల్ ఆఫ్ ఫేమ్‌లో 1975లోనే చోటిచ్చింది, పెద్ద దాంట్లోకి మాత్రం తీసుకోలేదు. ఆయన 2011లో టల్సాలో పోయాడు, 76 ఏళ్లు. బావ వాదన ఏంటంటే పంటర్‌గా చూస్తే రే గై అంతటివాడు కాదు, కికర్‌గా చూస్తే అంకెలు చిన్నవి, మరి ఏ లెక్కన ఇవ్వాలి అని. నేననేది, ఒక్కోటి విడదీసి చూస్తే ఎట్లా, రెండూ కలిపి ఒకే మనిషి చేశాడు కదా, రెండు జీతాల పని. "మీ పీఈటీలంతా ఒకటే" అన్నాడు నవ్వుతూ.

అయితే నేను అతనికి ఒక సంగతి గుర్తు చేశాను, దానికి మాత్రం జవాబు లేదు. చాండ్లర్ పోయిన తర్వాతి సీజన్, 1968. అదే గ్రీన్ బే, వరుసగా మూడేళ్లు ఛాంపియన్, బార్ట్ స్టార్ ఉన్నాడు, ముందు వరుస దాదాపు అదే. కోచ్ మారాడు నిజమే, స్టార్‌కు గాయాలూ నిజమే. కానీ ఫీల్డ్ గోల్స్ కొట్టడానికి ఆ ఒక్క ఏడాదిలో నలుగురిని మార్చారు. గార్డ్ జెర్రీ క్రేమర్‌ను మళ్లీ నిలబెట్టారు, చక్ మెర్సీన్ అనే రన్నర్ చేత కూడా తన్నించారు, బయటి నుంచి ఇద్దరు కికర్లను తెచ్చారు. ఎవరూ కుదరలేదు. 6 గెలిచి, 7 ఓడి, ఒకటి సమం చేసుకుని ఇంటికి పోయారు.

"అది లొంబార్డి లేకపోవడం వల్లనే" అన్నాడు బావ. కొంత అయి ఉండొచ్చు. కానీ లొంబార్డికి ఎన్ని విద్యలొచ్చినా ఫీల్డ్ గోల్ కొట్టడం రాదు కదా బావా అన్నాను, అప్పటికి వాళ్ల మ్యాచ్‌లో నాలుగో అవకాశం వచ్చింది, పంటర్ లోపలికి పరిగెత్తుతున్నాడు, ఇద్దరం మాట ఆపి చూశాం.